ఎడారిలో చల్లగుండ్ల వారి ప్రభ

చల్లగుండ్ల గోపాలకృష్ణయ్య గారు రోజూ పొద్దున్నే తన పేరు తానే మూడుసార్లు పిలుచుకుంటారు. స్నానం చేసి, విభూతి పెట్టుకుని, డాబా ఎక్కి, కోటప్పకొండ వైపు తిరిగి నిలబడి గొంతు సవరించుకుంటారు. "చల్లగుండ్ల గోపాలకృష్ణయ్యా..." అని ఒకసారి. కాస్త ఆగి రెండోసారి. ఇంకా ఎక్కువసేపు ఆగి మూడోసారి. ఆ తరువాత చేతులు జోడించి, గొంతు బాగా తగ్గించి, "హాజరు సామీ" అంటారు. అక్కడితో ఆయన పూజ పూర్తయినట్టు. మొదటి పిలుపుకు పక్కింటివాళ్ళు పాలు పొయ్యి మీద పెడతారు, మూడో పిలుపుకు దించుతారు.

ఇది నరసరావుపేట కోర్టు నుంచి వచ్చిన అలవాటు. అక్కడ ఆయన ముప్ఫై నాలుగేళ్ళు డఫేదారుగా చేశారు. నాదెండ్ల దారిలో ఉన్న మా పల్లె నుంచి రోజూ నల్ల సైకిలు మీద వెళ్ళి, అదే సైకిలు మీద తిరిగొచ్చేవారు. వాయిదాకు వచ్చినవాళ్ళను కోర్టు గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలవడం ఆయన పని. మూడుసార్లు పిలిచినా పలకకపోతే ఆ మనిషి రానట్టే రాసేస్తారు. పల్లెటూరి రైతు పాపం బస్సు దిగి ఏ టీ కొట్టు దగ్గరో ప్లీడరు కోసం చూస్తుంటాడు. అందుకని గోపాలకృష్ణయ్య గారు రెండు పిలుపులు పిలిచి, మూడోదానికి ముందు చెప్పు తెగినట్టు వంగేవారు. వంగి అలాగే వరండా దిగి, టీ కొట్టు దాకా వెళ్ళి, మనిషిని రెక్క పట్టుకుని తెచ్చి, అప్పుడు మూడోది పిలిచేవారు. ఒక జడ్జిగారు ఆయన చెప్పులు చూసి, "ఇవి ఇన్నిసార్లు తెగుతున్నాయి, కొత్తవి కొనుక్కోవయ్యా" అన్నారట. "కొత్తవే అండీ" అన్నారట ఈయన. ఆ తరువాత జడ్జిగారు చెప్పుల ప్రస్తావన తేలేదు.

రిటైరయ్యాక ఆ సైకిలు మీద భార్య హనుమాయమ్మ గారిని కూర్చోబెట్టుకుని పేటలో మోకాళ్ళ వైద్యానికి తీసుకువెళ్ళేవారు. అక్కడ ఫిజియోథెరపీ చేసే అమ్మాయి హిమజ. పేటలో ఆదివారాలు సైకిళ్ళు తొక్కే జట్టును నడిపేది కూడా ఆ అమ్మాయే. అరవై నాలుగేళ్ళ మనిషి భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఎదురుగాలిలో తొక్కుకుంటూ రావడం కిటికీలోంచి చూసింది. "పిన్ని మోకాళ్ళకు వైద్యం చేస్తా గానీ, మీ మోకాళ్ళు మా జట్టుకు ఇవ్వండి బాబాయ్" అంది. అలా ఆయన మాలో కలిశారు. మా అందరివీ గేర్ల సైకిళ్ళు. ఆయనది మాత్రం ఆ నల్ల సైకిలే.

చలికాలం పోయేలోపు రాజస్థాన్ ఎడారిలో బికనీరు నుంచి జైసల్మేరు దాకా అయిదు రోజుల యాత్ర అని హిమజ చెప్పినప్పుడు, గోపాలకృష్ణయ్య గారు కోర్టు మనిషిలాగే క్యాలెండర్ తీసి తేదీలు చూశారు. ఆయన పండగలను ఎర్ర సిరాను బట్టి గుర్తుపడతారు. పని రోజుల మధ్యలో ఎర్ర అంకె కనిపిస్తే అది పండగ. ఈ ఏడు శివరాత్రి ఆదివారం పడింది. ఆదివారం ఎలాగూ ఎర్రగానే ఉంటుంది. ఆయన అడ్డేమీ లేదని పేరిచ్చేశారు.

సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు హనుమాయమ్మ గారు పంచాంగం మడిచి పక్కన పెట్టి అడిగారు.

"ఏవయ్యా, ఈ శివరాత్రికి నువ్వు ఎక్కడుంటావు?"

"ఎక్కడుంటాను, ఇంట్లోనే. ప్రభ లేపొద్దా?"

"నీ రైలు టిక్కెట్టు ఒకసారి చూసుకో."

చూసుకుని ఆయన అరుగు మీద కూలబడ్డారు. యాభై రెండేళ్ళుగా వాళ్ళ ఇంటి ప్రభ కోటప్పకొండకు వెళ్ళని శివరాత్రి లేదు. తండ్రి పోయిన ఏడు కూడా వెళ్ళింది. ఎలక్ట్రిక్ దీపాలతో తాటిచెట్ల ఎత్తున ఊగే పెద్ద ప్రభల ముందు అది చిన్నదే, మనిషి ఎత్తుంటుంది. కానీ ఆ ఇంటి పట్టింపులు మాత్రం పెద్దవి. ఇంటి పెద్ద తన చేత్తోనే ప్రభను లేపాలి. పొద్దున లేచిన ప్రభ పొద్దు గూకేలోగా శివుడి ముందు నిలబడాలి. దారిలో దాన్ని పడుకోబెట్టకూడదు. నిలబడ్డాక ఇంటి పేరుతో మూడుసార్లు పిలవాలి, తోడు వచ్చినవాళ్ళంతా ఒక్క గొంతుతో హాజరు చెప్పాలి. ఏ ఒక్కటి తప్పినా ఆ ఏటికి ప్రభ వెళ్ళనట్టే.

"నేను యాత్ర మానుకుంటా" అన్నారు ఆయన.

 మూడో రోజు పొద్దున ఆయన డాబా దిగి వచ్చేసరికి హనుమాయమ్మ గారు పెరట్లో వెదురు చీలుస్తున్నారు.

"ఆ సైకిలు కోర్టుకూ ఇంటికీ తప్ప ఎక్కడికి పోయింది గనక? పోయి రా. ప్రభ నువ్వు లేపాలి. నువ్వు ఆడ ఉంటే ప్రభ ఆడికే వస్తది. అక్కడ మాత్రం శివుడు లేడా ఏంది?"

మూడడుగుల ప్రభ తయారైంది. వెదురు బద్దల చట్రం, దానికి ఆవిడ పాత పట్టుచీర అంచు, కాగితం పూల దండలు, చుట్టూ మువ్వలు, మధ్యలో స్వామి పటం. విప్పి గోనెసంచిలో కట్టి, మా సామాను వ్యాను ఎక్కించారు. వ్యాను డ్రైవరూ, మా సైకిళ్ళ మెకానిక్కూ అయిన అబ్దుల్ జబ్బార్ ఆ సంచి మీద ఏ బరువూ పెట్టనివ్వలేదు. మూడు రోజుల ప్రయాణం దాన్ని తన సీటు పక్కనే నిలబెట్టుకుని నడిపాడు.

ఎడారిలో కూడా పొద్దుటి పిలుపు ఆగలేదు. కరెంటు లైన్‌మన్‌గా పనిచేసే మా గురజాల తేజ ఫోనులో దిక్కు చూసి కొండ ఎటుందో చూపిస్తే, ఆయన అటు తిరిగి పిలిచేవారు. బికనీరు ధర్మశాలలో మొదటి రోజు ఆ కేక విని వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు. ఎవరో తప్పిపోయారనుకుని, నోటికి వచ్చినట్టు "గోపాల్ కిషన్, గోపాల్ కిషన్" అంటూ తానూ పెరడంతా వెతికాడు. ఆయన "హాజరు సామీ" అన్నాక, దొరికాడన్న సంతోషంతో మా అందరికీ టీ తెచ్చి ఇచ్చాడు.

నాలుగు రోజులు అలా గడిచాయి. చివరి రోజు శివరాత్రి. లాఠీ అనే ఊరి నుంచి జైసల్మేరుకు అరవై అయిదు కిలోమీటర్ల దాకా ఉంది. అదే మా ఆఖరి మజిలీ.

తెల్లవారుతుండగానే గోపాలకృష్ణయ్య గారు సైకిలు క్యారియర్ మీద ప్రభను జనపతాడుతో కట్టి, కొబ్బరికాయ కొట్టి లేపారు. మువ్వలు గలగలమన్నాయి. రోడ్డు పక్క మేకలు మేత మాని చూశాయి. హిమజ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"బాబాయ్, అది తెరచాప. సైకిలు కాదిప్పుడు, పడవ."

"మూడడుగులేగా అమ్మా."

"పైగా ఉపవాసం. ఏమీ తినకుండా అరవై అయిదు కిలోమీటర్లంటే నేను ఒప్పుకోను."

దీనికి తీర్పు హనుమాయమ్మ గారే ఫోనులో చెప్పారు. వండింది తినకూడదు గానీ పండ్లకు దోషం లేదన్నారు. ఆ ఎడారిలో పండ్లు ఎక్కడివి? జబ్బార్ వ్యానులోంచి ఖర్జూరాల డబ్బా తెచ్చి మూత తీశాడు. నాలుగు రోజుల్లో రంజాను మొదలని, ఇంటికోసం బికనీరులో కొనుక్కున్న డబ్బా అది.

"నీ ఉపవాసాలకు కొన్నయ్యి కదయ్యా జబ్బారూ" అన్నారు ఆయన.

"ఉపవాసానికేగా గోపాలన్నా. ముందు నీది అయిపోనీ" అన్నాడు జబ్బార్.

బయల్దేరాం. మొదటి పదిహేను కిలోమీటర్లు చెప్పుకుంటే మా పరువు పోతుంది. గాలి వెనక నుంచి వీచింది. ప్రభ దాన్ని పట్టుకుంది. ఆ నల్ల సైకిలు గేర్ల సైకిళ్ళన్నింటినీ దాటి, మువ్వలు మోగించుకుంటూ ముందుకు పోయింది. ఆయన తొక్కడం మాని, కాళ్ళు పెడళ్ళ మీద ఊరికే ఆనించి కూర్చున్నారు. కారంపూడిలో విత్తనాల కొట్టున్న వెంకటకృష్ణ రొప్పుతూ వెనక పడ్డాడు. జట్టులో ఖరీదైన సైకిలు అతనిదే.

"బాబాయ్, కాస్త ఆగు. లక్షన్నర పోసి కొన్నాను దీన్ని."

"నాది మా మామగారు పెట్టింది వెంకటకృష్ణా. నీ మామను అడిగి చూడు, ప్రభ కట్టి ఇస్తాడేమో."

"గాలి ఏ వైపు నుంచో తెలుసా పెదనాన్నా?" అని తేజ ఫోను చూసి కేకేశాడు. "మన కొండ వైపు నుంచే."

ఆయన వెనక్కి తిరిగి ఒక్క క్షణం దణ్ణం పెట్టుకున్నారు. "రెండు చేతులూ హ్యాండిల్ మీద బాబాయ్" అని హిమజ అరిచింది.

తొమ్మిదిన్నర దాటాక ఆ గాలే ఎడమ పక్కకు తిరిగింది. దూరాన గాలిమరల రెక్కలు జోరుగా తిరగసాగాయి. ప్రభ ఇప్పుడు సైకిలును ముందుకు కాదు, రోడ్డు మధ్యకు నెట్టసాగింది. గోపాలకృష్ణయ్య గారు ఎంత ఎడమకు తిప్పినా నల్ల సైకిలు కుడికే పోతోంది. ఎదురుగా మిలిటరీ లారీ హారను కొట్టింది. డ్రైవరు మంచివాడు, పూర్తిగా ఆపేశాడు. కిందికి దిగి ప్రభను చూసి, ఏమిటో తెలియకపోయినా బూట్లు విప్పి దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు. కానీ హిమజ తన సైకిలు ఆయనకు అడ్డంగా పెట్టింది.

"చాలు బాబాయ్. ప్రభను వ్యానులో పడుకోబెట్టండి. లేదా మీరూ ఎక్కండి."

"విప్పి సంచిలో కడితే పట్టింది గానీ, కట్టాక వ్యానులో నిలబడదమ్మా, టాపు తక్కువ. పడుకోబెట్టకూడదు."

"నాకు మీరు ముఖ్యం."

"నేను నెట్టుకుంటూ నడిచొస్తా. మీరు పదండి."

"ఇంకా నలభై ఆరు కిలోమీటర్లుంది. పొద్దు గూకేలోగా నడుస్తారా?"

ఆయన సీటు మీద చెయ్యి వేసి ప్రభను పట్టుకుని నిలబడ్డారు. ముప్ఫై నాలుగేళ్ళు ఎవరి వాయిదా తప్పిపోకుండా చూసిన మనిషి, తన వాయిదా కళ్ళముందు తప్పిపోతుంటే చూస్తూ నిలబడ్డట్టు ఉంది.

అప్పుడు తేజకు ఒక ఆలోచన వచ్చింది.

"కరెంటు స్తంభం ఒరగకుండా ఏం చేస్తాం అక్కా? స్టే వైరు లాగుతాం. కొండకాడ పెద్ద ప్రభలకైనా అంతేగా. అటూ ఇటూ మోకులు పట్టుకుంటారు."

ఈ మాట మరే దేశం సైకిళ్ళ జట్టు విన్నా నవ్వి ఊరుకునేది. మేం పల్నాడువాళ్ళం. ప్రభ అంటే మోకు, మోకు అంటే ప్రభ. అందరికీ అది మహా సబబుగా తోచింది. వ్యానులోంచి రెండు తాళ్ళు వచ్చాయి. ఎడమ పక్క తాడు తేజ నడుముకు, కుడి పక్క తాడు వెంకటకృష్ణ నడుముకు. ముగ్గురూ పక్కపక్కనే తొక్కాలి. నడుస్తూ పట్టే మోకును సైకిలు మీద పట్టవచ్చా అని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

రెండు వందల గజాలు బ్రహ్మాండంగా వెళ్ళారు. తరువాత వెంకటకృష్ణ గేరు మార్చాడు. అతని సైకిలు ముందుకు దూకింది, తాడు బిగిసింది, ప్రభ కుడికి వంగింది, వంగిందని తేజ ఎడమకు లాగాడు, లాగిన తాడు ఆయన హ్యాండిల్‌కు చుట్టుకుంది. ముగ్గురూ మూడు సైకిళ్ళతో రోడ్డు దిగి ఇసుకలో పడ్డారు.

మేం పరుగెత్తి వెళ్ళేసరికి, గోపాలకృష్ణయ్య గారు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నారు. కాళ్ళ మీద సైకిలు. ఛాతీ మీద తేజ చెయ్యి. రెండు చేతులూ పైకి చాపి ప్రభను నిటారుగా పట్టుకుని ఉన్నారు. కట్లు తెగి అది ఆయన చేతుల్లోకి వచ్చింది. మువ్వలు ఇంకా మోగుతున్నాయి.

"ముందు ప్రభను అందుకోండి" అన్నారు. "నన్ను తరవాత లేపొచ్చు."

జబ్బార్ చెప్పులు వదిలి ప్రభను అందుకున్నాడు. ఎవరికీ దెబ్బలు లేవు, వెంకటకృష్ణ మోచేయి కాస్త గీరుకుంది. కానీ గోపాలకృష్ణయ్య గారికి పెద్ద సందేహం పట్టుకుంది. ప్రభ నేలకు తగిలిందా లేదా? తగిలితే పడుకున్నట్టే గదా? భార్యకు వీడియో కాల్ చేశారు. హనుమాయమ్మ గారు అప్పటికే కొండ కింద తిరునాళ్ళలో ఉన్నారు. మైకుల మోతలో సగం మాటలు వినపడటం లేదు. ఒక చెవి మూసుకుని ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టుకున్నారు.

"నువ్వు చెప్పబాక. నువ్వు ప్రభ మనిషివి. పక్కనున్నోళ్ళను చెప్పనీ."

వెంకటకృష్ణ సాక్షి. "పిన్నీ, నా కళ్ళతో చూశా. బాబాయి పడ్డాడు, ప్రభ పడలా."

"నీ కళ్ళల్లో ఇసుక పడిందన్నావుగా ఇప్పుడే" అన్నాడు తేజ.

"ఒరేయ్, నువ్వు ఎవరి పక్క సాక్షివిరా?"

"నిజం చెబుతున్నా. నా ముఖం ఇసుకలో ఉంది, నేను ఏమీ చూళ్ళా."

"చూసినోడు చూశానన్నాడు, చూడనోడు చూళ్ళేదన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు" అన్నారు హనుమాయమ్మ గారు. "మనిషి పడితే దోషం లేదు. వెంకటకృష్ణా, ఆ మోచేతికి ఏమన్నా రాశారా నాయనా?"

ఆ తరువాత ఆవిడ హిమజను పిలవమన్నారు. హిమజ ఫోను తీసుకుంది.

"అమ్మా, నీకు భయమేస్తే ఆయన్ని వ్యాను ఎక్కించు. నేనేమీ అనుకోను. ప్రభ సంగతి సామి చూసుకుంటాడు. మనిషి సంగతి నువ్వు చూసుకో."

హిమజ ఫోను ఇచ్చేసి గాలిమరలు ఎటు తిరిగి ఉన్నాయో చూసింది. కోప్పడితే వాదించేది. నీ ఇష్టం అన్నందుకు ఆ పిల్ల చిక్కుల్లో పడింది. ఒక గుక్క నీళ్ళు తాగి మా అందరినీ పిలిచింది.

"తాళ్ళు వద్దు. గాలి ఎడమ నుంచి వస్తోంది. బాబాయికి ఎడమ పక్క మనం గోడ కడదాం. నలుగురు దగ్గర దగ్గరగా, ఒకళ్ళ వెనక ఒకళ్ళు. పది నిమిషాలకొకసారి మారదాం. జబ్బార్ భాయ్ వెనకే లైట్లు వేసుకుని వస్తాడు. బాబాయ్, ఒక్కసారి సైకిలు కుడికి పోయినా నేను ఆపేస్తాను, మళ్ళీ మాట్లాడకూడదు."

"మాట్లాడనమ్మా" అన్నారు ఆయన.

జబ్బార్ సైకిలు ట్యూబు కోసి, ఆ రబ్బరు పట్టీలతో ప్రభను క్యారియర్‌కు బిగించాడు. గోడ కదిలింది. నిజంగానే గాలి మా భుజాల మీద ఆగిపోయింది. ప్రభ నిటారుగా నడిచింది. మాటిచ్చారు గాబట్టి ఆయన మాట్లాడకుండా ఉండాల్సింది. కానీ గోడలో మనుషులు మారే ప్రతిసారీ కోర్టు గొంతుతో పేర్లు పిలిచారు. "తేజా ముందుకు... వెంకటకృష్ణా వెనక్కి..." ఎవరు అలిసిపోతున్నారో ఆయనకు వెనక చక్రం చప్పుడును బట్టి తెలిసేది. వాళ్ళను గాలి తగలని వైపు పిలిచేవారు. దుమ్ము నోట్లోకి పోతున్నా పిలుస్తూనే ఉన్నారు.

మధ్యాహ్నం చాందన్ దగ్గర టీ కొట్టు ముందు ఆగాం. ఆయన ఖర్జూరాలు తింటూ ఒక చేత్తో ప్రభను పట్టుకుని నిలబడ్డారు. వెనక నుంచి ఒక ఒంటె నెమ్మదిగా వచ్చి, మెడ చాపి, కాగితం పూల దండ అందుకుంది. మేం చూసేసరికి సగం దండ దాని నోట్లో ఉంది. ఒంటెను తోలే ముసలాయన పరుగెత్తుకుంటూ వచ్చి దాని మూతి మీద కొట్టబోయాడు. గోపాలకృష్ణయ్య గారు అడ్డం వెళ్ళారు.

"కొట్టొద్దని చెప్పు జబ్బారూ. ఉపవాసం ఉన్నది నేను, అది కాదు."

జబ్బార్ హిందీలో చెప్పాడు. ముసలాయన ప్రభ మధ్యలో ఉన్న స్వామి పటాన్ని చూసి, తన ఎర్ర తలపాగా చివర నుంచి బెత్తెడు వెడల్పు గుడ్డ చించి, దండ పోయిన చోట తానే కట్టాడు. మేం వెళుతుంటే ఒంటె మెడ పట్టుకుని రోడ్డు దాకా వచ్చి సాగనంపాడు. వెంకటకృష్ణ మాత్రం చాలా దూరం దాకా, "పిన్నికి చీర అంచు మీద ఒంటె ఎంగిలి ఉందని ఎవరు చెబుతారు?" అంటూనే ఉన్నాడు.

జైసల్మేరు కోట బంగారు రంగులో కనిపించేసరికి అయిదు దాటింది. ఇంకా నాలుగు కిలోమీటర్లు. సరిగ్గా అప్పుడే తేజ ముందు చక్రంలో తుమ్మముల్లు దిగింది. గోడలో ఎక్కువసేపు గాలికి ఎదురు నిలిచింది వాడే. ఒకటి కాదు, మూడు ముళ్ళు. ట్యూబు మార్చాలంటే, మిగిలిన ట్యూబు జబ్బార్ ప్రభకు కోసేశాడు. అతుకులు వేయాల్సిందే.

"మీరు పదండి, పొద్దు గూకుతోంది" అన్నాడు తేజ. "నేనూ జబ్బారన్నా వెనకే వస్తాం."

"వ్యానులో వచ్చేయ్ రా" అంది హిమజ.

"అయిదు రోజులు తొక్కి ఆఖరి నాలుగు కిలోమీటర్లు వ్యానా అక్కా? పెదనాన్న ఎక్కలా, నేను ఎక్కుతానా?"

గోపాలకృష్ణయ్య గారు ఏదో అనబోయారు. గొంతు రాలేదు. పొద్దుటి నుంచి దుమ్ములో పిలిచి పిలిచి అది పూర్తిగా పోయింది. తేజ భుజం తట్టి సైకిలు ఎక్కారు.

ఊరి అంచున, చెరువు పక్క ఒక చిన్న శివాలయం ఉంది. శివరాత్రి గనక ఆడవాళ్ళు చెంబులతో నీళ్ళు పట్టుకుని బారుగా నిలబడ్డారు. మువ్వల చప్పుడుకు అందరూ తిరిగి చూశారు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. ఒకావిడ తన దీపం పళ్ళెం పక్కకు జరిపింది, ఇంకో ఆవిడ పిల్లను ఎత్తుకుంది, దారి అయిపోయింది. పూజారి మా పెద్దాయన ముఖమంతా దుమ్ము చూసి ముందు తాగడానికి నీళ్ళిచ్చాడు. తరువాత ప్రభ మీద మూడు చుక్కలు చల్లాడు. గోపాలకృష్ణయ్య గారు తన చేత్తో ప్రభను విప్పి, నంది పక్కన నిటారుగా నిలబెట్టారు. అది నిలబడింది.

మేం చెప్పులు విప్పి చుట్టూ చేరాం. ఇక ఇంటి పేరు పిలవడమే మిగిలింది. ఆయన గొంతు సవరించుకున్నారు. నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించారు. నీళ్ళు తాగి ఇంకోసారి. జడ్జీలు మారినా మారని ఆ గొంతు, పేట కోర్టు వరండా దాటి బజారు దాకా వినపడే ఆ గొంతు, లేదు. ఎదురుగా చెరువు మీద సూర్యుడు మూరెడు ఎత్తున ఉన్నాడు.

ఆయన మా అందరి ముఖాలూ చూశారు. తరువాత హిమజ వైపు చూసి, పిలవమన్నట్టు చెయ్యి చూపించారు.

"నేనా?" అంది హిమజ. "నాకు అలా పిలవడం రాదు బాబాయ్."

ఆయన నవ్వి, డఫేదారు నిలబడినట్టు నిటారుగా నిలబడి, గడ్డం కొంచెం ఎత్తి చూపించారు. హిమజ అలాగే నిలబడింది.

"చల్లగుండ్ల వారి ప్రభా..." గొంతు సన్నగా వచ్చింది. అయినా బారులో ఆడవాళ్ళు మాటలాపేశారు.

కొంచెం ఆగి మళ్ళీ పిలిచింది. "చల్లగుండ్ల వారి ప్రభా..." ఈసారి గుడి గోడ తిరిగి పలికింది. వెంకటకృష్ణ కళ్ళు తుడుచుకుని, అది ఇసుకేనన్నాడు.

సూర్యుడు జానెడుకు దిగాడు. హిమజ మూడో పిలుపుకు ఊపిరి పీల్చుకుంది. గోపాలకృష్ణయ్య గారు గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఒకసారి సూర్యుడి వైపు చూశారు, ఒకసారి మేం వచ్చిన రోడ్డు వైపు చూశారు. ఆ తరువాత ఆ అమ్మాయి చెవి దగ్గరకు వంగారు. పక్కన నిలబడ్డ మాకు ఆ మాటలు అతి కష్టం మీద వినిపించాయి.

"అమ్మా, మూడోది కాసేపు ఆపి పిలువమ్మా. తేజా, జబ్బారూ ఇంకా రాలా. కావాలంటే నీ చెప్పు తెగినట్టు వంగు."